తక్కువ బడ్జెట్‌లో పూర్తి ఉక్కు చేతి తుపాకీ: నెల్లూరు, ప్రకాశం లైసెన్సుదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

లైసెన్స్ చేతికి రాగానే, ఒక్కోసారి అంతకంటే ముందే, జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. అల్లూరు, కావలి వైపు రొయ్యల చెరువులున్నవాళ్లు, చీమకుర్తి క్వారీలవాళ్లు, కందుకూరు పొగాకు వ్యాపారులు, గిద్దలూరు, కంభం వైపు సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు, ఎవరు అడిగినా లెక్క ఒకటే. లక్షా లక్షన్నరలో నమ్మకమైన తుపాకీ కావాలి, తేలికపాటి రకాలు వద్దు, చేతినిండా పట్టుకునే ఉక్కుదే కావాలి. వాళ్లకు చెప్పిన జవాబులే ఇక్కడ పెడుతున్నాను.

అసలు నాకు తుపాకీ అవసరమా?

ఏ మోడల్ అన్న దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. చెరువు దగ్గర మోటార్లు, మేత బస్తాలు పోతున్నాయంటే దానికి మందు కెమెరా, లైటు, నమ్మకమైన కాపలా మనిషి. రొయ్యల పట్టుబడి రోజున నగదు చేతిలో ఉంటుందన్న టెన్షన్ అయితే, డబ్బు నేరుగా ఖాతాలో పడేలా కొనుగోలుదారుతో మాట్లాడుకోండి. ఇవన్నీ చేశాక కూడా ప్రాణభయం మిగిలితే, పాతకక్షల వల్లో వ్యాపారం వల్లో నిజమైన బెదిరింపు ఉంటే, అప్పుడు తుపాకీ మాట.

ఇంట్లో తాగుడు అలవాటున్నవాళ్లు గానీ, కోపం ఆపుకోలేనివాళ్లు గానీ, మనసు కుంగిపోయి ఉన్నవాళ్లు గానీ ఉంటే మాత్రం తీసుకోవద్దు. ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఆ ఇంట్లో తుపాకీ వల్ల దొంగకు జరిగే హాని కంటే ఇంటివాళ్లకు జరిగే హానే ఎక్కువ.

లైసెన్స్ సంగతి క్లుప్తంగా చెప్పండి.

1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధ నియమాలు మనకు ఆధారం. వయసు 21 నిండాలి. మామూలు బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) తుపాకీకి, అంటే నిషేధం లేనిదానికి, లైసెన్స్ ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన కలెక్టర్. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, స్థానిక స్టేషన్ నుంచి పోలీసు విచారణ జరుగుతుంది. శారీరక, మానసిక ఆరోగ్యం మీద డాక్టర్ సర్టిఫికెట్, తుపాకీ భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా దాచుకుంటానన్న హామీ పత్రం కావాలి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది, ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్య 3 నుంచి 2కి తగ్గింది.

దరఖాస్తులో కారణం రాసేచోట ఊకదంపుడు రాయకండి. బెదిరింపు వచ్చి ఉంటే ఎప్పుడు వచ్చింది, స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారా లేదా, వ్యాపారంలో నగదు ఎంత తిరుగుతుంది, రాత్రిపూట ఒంటరిగా ఎక్కడికి వెళ్లాల్సి వస్తుంది, ఇలా కాగితాలతో చూపగలిగినవే రాయండి. తగిన కారణం ఉందని కలెక్టర్‌కు అనిపిస్తేనే లైసెన్స్. అది అడిగినవాళ్లందరికీ వచ్చే హక్కు కాదు.

9 ఎంఎం తీసుకోవచ్చా?

కుదరదు. 9 ఎంఎం, 38 బోర్, 455 బోర్ నిషిద్ధ బోర్లు. వాటికి అనుమతి కేంద్ర హోంశాఖ ఇవ్వాలి, మామూలు మనిషికి ఆ దారి దాదాపు లేదు. మనకు మిగిలేవి ముఖ్యంగా 32 బోర్, 22 బోర్. చేతి తుపాకీ అంటే మన జిల్లాల్లో నూటికి తొంభై మంది మాట్లాడేది 32 గురించే.

ఇక్కడొక జాగ్రత్త. రివాల్వర్‌లో వాడే 32 తూటా వేరు, పిస్టల్‌లో వాడే 32 తూటా వేరు. రివాల్వర్‌ది పొడుగ్గా, అడుగున వెడల్పాటి అంచుతో ఉంటుంది. పిస్టల్‌ది పొట్టిగా, అంచు కొద్దిగానే బయటికి ఉంటుంది. రెంటినీ జనం ‘థర్టీటూ’ అనే పిలుస్తారు కాబట్టి కొట్లో అడిగేటప్పుడు మీ తుపాకీ రకం కూడా చెప్పండి. ఒకదానివి ఇంకొకదాంట్లో పెట్టి చూడాలన్న ఆలోచనే రానివ్వకండి.

యూట్యూబ్‌లో చూపించే సీజెడ్ 75, కోల్ట్ 1911 లాంటివి ఇక్కడ దొరుకుతాయా?

పూర్తి ఉక్కు, పూర్తి సైజు అనగానే ప్రపంచమంతా తలుచుకునేవి ఆ రెండే. జాన్ బ్రౌనింగ్ రూపకల్పనను అమెరికా సైన్యం 1911లో తీసుకుంది, అందుకే ఆ పేరు. 45 బోర్, అదీ నిషిద్ధమే, సుమారు 1.1 కిలో. సీజెడ్ 75 అప్పటి చెకోస్లొవేకియాలో 1975లో వచ్చింది. అదీ కిలోకు పైమాటే, కానీ 9 ఎంఎం. అంటే బోర్ దగ్గరే మనకు తలుపు మూసుకుంది.

రెండో తలుపు దిగుమతి. 1980ల నుంచి మామూలు పౌరులు విదేశీ చేతి తుపాకీ తెప్పించుకునే వీలు లేదు. పేరున్న షూటింగ్ క్రీడాకారులకు క్రీడ కోసం మినహాయింపు ఉంది. అంతకుముందు దేశంలోకి వచ్చిన పాత విదేశీ పిస్టళ్లు ఇప్పటికీ ఒక లైసెన్సుదారు నుంచి ఇంకొకరికి చేతులు మారుతుంటాయి. వాటి ధర ఇనుము ధర కాదు, అరుదుతనం ధర. ఎప్పుడో అరవై ఏళ్ల కిందటి స్ప్రింగు విరిగితే దానికి స్పేర్ పార్ట్ ఎక్కడ తెస్తారు? దూరపు కొండలు నునుపు. తక్కువ బడ్జెట్ వాళ్లు ఆ వైపు చూడకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

పూర్తి ఉక్కు అంటే ఏమిటి? దానివల్ల లాభం ఏమిటి?

ఫ్రేము, గొట్టం, రివాల్వర్‌కైతే తూటాలు పట్టి గుండ్రంగా తిరిగే సిలిండర్, పిస్టల్‌కైతే పైన జరిగే స్లైడు, ఇవన్నీ ఉక్కుతో చేసినది. పట్టుకునే పిడి చెక్కలు కర్రవో ప్లాస్టిక్‌వో అయినా ఫర్వాలేదు. తేలికపాటి రకాల్లో ఫ్రేము టైటానియం మిశ్రమంతోనో అల్యూమినియంతోనో పాలిమర్‌తోనో చేస్తారు.

లాభం పేలినప్పుడు తెలుస్తుంది. ఒకే తూటా, ఒకే మందు అనుకుంటే, 500 గ్రాముల తుపాకీ 700 గ్రాముల దానికంటే సుమారు 40 శాతం ఎక్కువ వేగంతో వెనక్కి తంతుంది. 32 బోర్‌కి మొదటి నుంచీ తన్ను తక్కువే. అయినా కొత్తవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది. తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మణికట్టు బిగించేస్తారు, తుపాకీ ముక్కు కిందికి వాలుతుంది, గుండు టార్గెట్ కింద తగులుతుంది. బరువైన తుపాకీలో ఈ అలవాటు త్వరగా పోతుంది. దాంతోపాటు చేతి వణుకు కూడా కొంత అణుగుతుంది.

గొట్టం పొడవుకు కూడా లాభం ఉంది. గొట్టం మీద గురి చూసుకునే గుర్తులు, అంటే ముందు సైటుకు, వెనక సైటుకు మధ్య దూరం పెరిగేకొద్దీ గురిలో పొరపాటు కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. జేబులో పట్టే పొట్టి తుపాకీతో గురి నేర్చుకోవడం అనుభవజ్ఞులకే కష్టం.

నష్టం కూడా చెప్పాలి కదా. నడుముకు రోజంతా కట్టుకు తిరిగితే బరువు తెలుస్తుంది, ఎండాకాలంలో మరీను. ఇంకోటి తుప్పు. దాని గురించి కింద వివరంగా రాశాను.

రివాల్వర్ మంచిదా, పిస్టల్ మంచిదా?

మొదటిసారి కొనేవాళ్లకు, ఏడాదిలో ఏ కొద్ది సార్లో తప్ప పేల్చనివాళ్లకు రివాల్వరే. దీని మీద నాతో వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్లకు వాళ్ల కారణాలున్నాయి. నా కారణం ఒక్కటే. రివాల్వర్‌ని తెరిస్తే తూటాలు కూర్చునే ఆరు గదులూ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఖాళీనా నిండుగా ఉందా అన్న అనుమానానికి చోటు లేదు.

పిస్టల్‌లో అలా కాదు. తూటాలు నింపే మ్యాగజైన్ తీసేశాం కదా, ఖాళీ అయిపోయింది అనుకుంటారు. గొట్టం వెనక గదిలో ఒక తూటా మిగిలే ఉంటుంది. శుభ్రం చేస్తుండగా పేలింది అని పేపర్లో చదివే ప్రమాదాల్లో ఎక్కువ వాటికి మూలం ఇదే. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడు వెనక్కి లాగి గదిలోకి కంటితో చూడాలి, వేలితో తడమాలి. ఈ వరస నిద్రలో కూడా తప్పకూడదు. అంత అభ్యాసం చేస్తామనేవాళ్లకు పిస్టల్ పల్చగా ఉంటుంది, తూటాలు ఎక్కువ పడతాయి, ట్రిగ్గర్ కూడా చాలావాటిలో తేలిక.

రివాల్వర్ ట్రిగ్గర్ బరువు. ఒక్క వేలి లాగుడుతోనే సిలిండర్ తిరగాలి, తూటాను పేల్చే సుత్తి వెనక్కి వెళ్లి పడాలి. వేళ్లలో బలం తక్కువగా ఉన్నవాళ్లు, కీళ్లవాతం ఉన్న పెద్దవాళ్లు కొనేముందు షాపులో ఖాళీ తుపాకీతో పదిసార్లు లాగి చూడాలి.

బడ్జెట్ ఎలా లెక్క వేసుకోవాలి?

తుపాకీ మీద రాసిన ధరను చూసి మోసపోకండి. పిస్టళ్లు, రివాల్వర్ల మీద జీఎస్టీ ఇదివరకు 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. ఫ్యాక్టరీ ధర లక్ష అంటే మీ చేతికి వచ్చేసరికి 1,40,000. చాలామంది పాత ధరలు విని వచ్చి ఇక్కడే డీలా పడతారు.

ఉన్న డబ్బంతా తుపాకీకే పోయకండి. తూటాలు, శిక్షణ, ఇంట్లో గోడకు బిగించే చిన్న ఉక్కు లాకర్, శుభ్రం చేసే సామాను, వీటికి కొంత పక్కన పెట్టాలి. లక్షన్నర తుపాకీ కొని ఏడాదికి ఒక్క గుండు పేల్చనివాడికంటే, తక్కువ ధరది కొని క్లబ్బులో క్రమం తప్పకుండా సాధన చేసేవాడి చేతిలోనే అది పనికొస్తుంది.

మన దేశంలో తయారయ్యేవాటిలో ఏమేం ఉన్నాయి?

ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు 2021 అక్టోబరు 1న కంపెనీలుగా మారాయి. చేతి తుపాకులు చేసే కంపెనీ పేరు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా, ప్రధాన కార్యాలయం కాన్పూర్.

అందరికీ తెలిసిన పాత 32 రివాల్వర్ ఈ కర్మాగారాలదే. వెబ్లీ మార్క్ 4 అనే బ్రిటిష్ రివాల్వర్ నమూనా మీద చేసినది, ఆరు తూటాలు, మధ్యలో విరిచి తెరిచే రకం. బరువు సుమారు 700 గ్రాములు, ఉక్కు ఫ్రేము. విరిచినప్పుడు ఖాళీ తూటాలు వాటంతటవే పైకి లేస్తాయి. అందం తక్కువ, ట్రిగ్గర్ బరువు, అయినా మొండిది. ఎన్నో ఏళ్లుగా దేశమంతా వాడకంలో ఉంది కాబట్టి దీని రోగాలూ మందులూ తెలిసిన మెకానిక్ దొరుకుతాడు. తక్కువ బడ్జెట్‌కి నా మొదటి ఓటు దీనికే.

2014లో వచ్చిన నిర్భీక్ కూడా 32 రివాల్వరే. కానీ ఫ్రేము టైటానియం మిశ్రమం, బరువు సుమారు 500 గ్రాములు. ఆడవాళ్ల కోసమని ప్రచారం చేశారు, విడుదలైనప్పుడే ధర సుమారు 1.22 లక్షలు. తేలిక కావాలంటే బాగుంటుంది గానీ ఈ పేజీలో మనం వెతుకుతున్న తుపాకీ అది కాదు.

2023 ఆగస్టులో ప్రబల్ వచ్చింది. దీంట్లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. పాత రకంతో పోలిస్తే తెరవడం, నింపడం హాయిగా ఉంటుంది. బడ్జెట్ కొంచెం సాగితే దీన్ని చేత్తో పట్టుకు చూశాకే నిర్ణయించుకోండి.

ప్రైవేటులో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లా సండీలాలో 32 రివాల్వర్ చేస్తున్నారు. పిస్టల్ కావాలనుకుంటే ప్రభుత్వ కర్మాగారాల అశని 32 ఉంది.

ఆ తుపాకీ నా చేతికి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, పిడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో వీలైనంత పైకి పట్టుకోండి. గొట్టం, మీ ముంజేయి ఒకే గీత మీద ఉండాలి. అప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మీదికి సహజంగా రావాలి. వేలు అందక పిడిని పక్కకు తిప్పాల్సి వస్తే అది మీ సైజు కాదు. పిడి చెక్కలు మారిస్తే సరిపోతుందేమో అడగండి. ఆ తర్వాత చేయి చాపి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. భుజం లాగుతోందా, ముక్కు వాలిపోతోందా, మీకే తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

కొనొచ్చు. తక్కువ బడ్జెట్‌లో తెలివైన పని కూడా. వ్యాపారి కాని మనిషి తన సొంతది అమ్మితే జీఎస్టీ బాధ లేదు. కానీ పద్ధతి ప్రకారం జరగాలి. అమ్మేవాడు జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి స్టేషన్ అధికారికి గానీ ముందుగా రాతపూర్వకంగా తెలపాలి, ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. కొనేవాడి లైసెన్స్‌లో ఆ రకం తుపాకీకి అనుమతి ఉండాలి. తెలిసినవాడే కదా అని ముందు తుపాకీ తీసుకుని తర్వాత కాగితాలు చూసుకుందాం అనుకుంటే, ఆ మధ్య రోజుల్లో అది మీ దగ్గర ఉన్న అక్రమ ఆయుధమే. లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్ల జైలు.

చెన్నై, హైదరాబాద్ డీలర్ల దగ్గర కొనాలనుకునేవాళ్లు మీ లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో ముందు చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే, పక్క రాష్ట్రం నుంచి తేవడానికి ఏ అనుమతి కావాలో కలెక్టరేట్‌లో అడిగాకే బయల్దేరండి. సూళ్లూరుపేట దాటితే తమిళనాడే కదా, గంటలో పోయొద్దాం అనుకోకండి.

పాత రివాల్వర్‌ని పరీక్షించేటప్పుడు ఏం చూడాలి?

పగటి వెలుతురులో చూడండి, అమ్మేవాడి ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద కాదు. ముందు నంబరు. ఫ్రేము మీద నంబరు, లైసెన్స్‌లో నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి. నంబరు దగ్గర రుద్దినట్టు, గీకినట్టు ఉంటే అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి.

తెరిచి, ఖాళీ అని చూసుకుని, గొట్టంలోకి వెనకవైపు నుంచి వెలుతురు పడేలా తెల్లకాగితం పెట్టి చూడండి. లోపలి మెలికల గాడులు పదునుగా, అద్దంలా మెరవాలి. నల్లటి మచ్చలు కనిపిస్తే గుడ్డతో తుడిచి మళ్లీ చూడండి. తుడిస్తే పోయేది మురికి, పోనిది తుప్పు తిన్న గుంట. గొట్టం మధ్యలో ఉంగరంలా నీడ కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బిందని అర్థం, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

తర్వాత సుత్తిని మెల్లగా వెనక్కి లాగండి. సుత్తి నిలబడే సమయానికి సిలిండర్ టక్కున లాక్ అవ్వాలి. ఆరు గదులకీ ఇలాగే చూడండి, ఎందుకంటే ఒక్క గది దగ్గరే తప్పే తుపాకులు ఉంటాయి. లాక్ అయ్యాక సిలిండర్‌ని వేళ్లతో కదిపితే వెంట్రుక వాసి కదలిక సహజం, గలగలా ఆడితే అరిగిపోయింది. విరిచి తెరిచే రకంలో కీలు దగ్గర, పైన గొళ్లెం దగ్గర వదులు ఉందేమో చూడాలి. మూసి పట్టుకుని గొట్టాన్ని పైకీ కిందికీ ఊపితే చప్పుడు రాకూడదు. పిడి చెక్కలు విప్పి చూపించమనండి. చెక్క కింద దాగిన తుప్పు కొన్ని ఏళ్ల నిర్లక్ష్యాన్ని బయటపెడుతుంది. విప్పనివ్వనివాడి దగ్గర కొనకండి.

మా ఊరు సముద్రానికి దగ్గర. ఉక్కు తుప్పు పట్టదా?

పడుతుంది. అందుకే ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ రాస్తున్నాను.

మైపాడు, ఇసకపల్లి, రామాయపట్నం, కొత్తపట్నం తీరంలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్లు తిరిగితే ఆ తుంపర కూడా ఉప్పే. దానికి తోడు మనకు అసలు వర్షాలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలు బీరువాలో బట్టలే బూజు పడతాయి, ఉక్కు సంగతి చెప్పాలా.

తుపాకీకి ఉండే నల్ల మెరుగును బ్లూయింగ్ అంటారు. అది పెయింటు కాదు. ఉక్కు పైపొరనే రసాయనాలతో నల్లటి ఆక్సైడ్‌గా మారుస్తారు. ఆ పొర చాలా పల్చన, దానికదే తుప్పును ఆపలేదు. నూనెను పట్టి ఉంచడమే దాని పని. నూనె ఆరిపోతే రక్షణ పోయినట్టే. స్టెయిన్‌లెస్ అయితే నయం, కానీ ఉప్పుగాలికి అదీ మచ్చలు పడుతుంది.

అల్లూరు వైపు ఒక చెరువు రైతు దగ్గర చూసిన రివాల్వర్ ఇప్పటికీ గుర్తుంది. చాలా మంచి తోలు సంచిలో, బీరువా పై అరలో, ఎవరూ ముట్టకుండా ఉంచాడు. సంచి తీసి చూస్తే గొట్టం మీద సంచి కుట్లు ఎక్కడ ఉన్నాయో అక్కడ ఎర్రటి చుక్కల వరస. ప్రెస్ బటన్ తగిలిన చోట పావలా అంత గుండ్రటి మచ్చ, గోటితో రాస్తే గరుకుగా తగులుతోంది. ముట్టకుండా దాచడమే దాని ప్రాణం తీసింది. తోలు తేమను పీల్చుకుని వదలదు, దాన్ని శుద్ధి చేసిన రసాయనాల్లోనూ లవణాలు ఉంటాయి. తోలు సంచి తీసుకెళ్లడానికే, దాచడానికి కాదు.

దాచేటప్పుడు పొడి నూలుగుడ్డకు రెండు మూడు చుక్కల తుపాకీ నూనె పట్టించి మొత్తం తుడవండి. నూనె కారేంత వద్దు, వేలు పెడితే జారేంత చాలు. తుపాకీ నూనె దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె తాత్కాలికంగా పనికొస్తుంది. కొబ్బరినూనె వద్దు. కొన్నాళ్లకు జిగురులా గట్టిపడి లోపలి భాగాలు కదలనివ్వదు. లాకర్‌లో సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. రంగు మారే రకం తెచ్చుకుంటే తేమ నిండిందని అదే చెబుతుంది, ఎండబెట్టి మళ్లీ వాడొచ్చు.

ముట్టుకున్న ప్రతిసారీ తుడవండి, ఎందుకంటే చెమటలో ఉండేదీ ఉప్పే. కొంతమంది చేతి చెమటకు ఒక్క రాత్రిలోనే వేలిముద్రలు గోధుమరంగులో తేలతాయి. వానాకాలంలో వారానికొకసారి, మిగతా రోజుల్లో నెలకోసారి తీసి చూడటం అలవాటు చేసుకోండి. కనిగిరి, పామూరు, ఉదయగిరి లాంటి మెట్ట ప్రాంతాల వాళ్లకు ఇంత బాధ లేదు, అక్కడ దుమ్ముతోనే గొడవ.

తూటాలకు మాత్రం నూనె తగలనివ్వకండి. నూనె మెల్లగా లోపలికి పాకి మందును పాడుచేస్తుంది, సమయానికి పేలవు. వాటిని పొడి డబ్బాలో విడిగా ఉంచాలి.

తూటాలు ఎన్ని కొనొచ్చు?

మీ లైసెన్స్‌లో రాసినంతే. ఒకేసారి ఎన్ని ఉండొచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు అన్నది అందులో ఉంటుంది. కొన్న ప్రతిసారీ పుస్తకంలో ఎక్కించుకోండి. పేల్చిన ఖాళీ తూటాలు పారేయకండి, మళ్లీ కొనేటప్పుడు చూపించమనే చోట్లున్నాయి. మన మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి పుణె దగ్గర ఖడ్కీ కర్మాగారంవి.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి? మా ఆవిడ కూడా వాడొచ్చా?

దిండు కింద, బట్టల మధ్య, దేవుడి గదిలో పెట్టకండి. గోడకో నేలకో బోల్టులతో బిగించిన ఉక్కు లాకర్‌లో పెట్టండి. తూటాలు వేరే తాళంలో. పిల్లలకు తాళం ఎక్కడుందో తెలియదని మనం అనుకుంటాం, వాళ్లకు అన్నీ తెలుసు. తాళం మీ దగ్గరే ఉండాలి.

లైసెన్స్ మీ పేరు మీదిది, కాబట్టి వాడాల్సిందీ మీరే. ఆవిడకూ అవసరం ఉంటే ఆవిడ పేరుతో దరఖాస్తు చేసుకోవాలి. కానీ ఖాళీ చేయడం, భద్రంగా పక్కన పెట్టడం ఇంట్లో పెద్దవాళ్లందరికీ నేర్పే శిక్షణ ఎక్కడైనా దొరికితే తప్పకుండా పంపించండి.

పెళ్లి ఊరేగింపులో ఒక్కసారి గాల్లోకి పేలిస్తే ఏమవుతుంది?

పైకి పోయిన గుండు కిందికే వస్తుంది, ఎవరి మీద అన్నది మీ చేతిలో లేదు. 2019 సవరణలో దీనికి ప్రత్యేకంగా శిక్ష పెట్టారు. రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ పోవడం దానికి అదనం. జాతరలు, మతపరమైన ఊరేగింపులు, సభలు, బడులు, కాలేజీలు, వీటిలోకి తుపాకీ తీసుకెళ్లడమే లైసెన్స్ షరతులకు విరుద్ధం. అంటే రొట్టెల పండగకు స్వర్ణాల చెరువుకు పోయినా, బ్రహ్మోత్సవాలకు జొన్నవాడ పోయినా అది లాకర్‌లోనే ఉండాలి.

అడవిపందులు పంట తినేస్తున్నాయి. దానికీ ఇది పనికొస్తుందా?

పనికిరాదు. చేతి తుపాకీ దూరం పదిహేను మీటర్ల లోపు మాట. 32 గుండు పందిని గాయపరుస్తుంది, చంపదు. గాయపడిన పంది మీ మీదికే వస్తుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అనుమతి లేకుండా చంపితే కేసు. వెలిగొండ, నల్లమల అంచు పల్లెల రైతుల బాధ నాకు తెలుసు. అటవీశాఖకు పంట నష్టం ఫిర్యాదు చేయడం, సోలార్ కంచె, ఇవే దారులు.

మా నాన్న పోయారు. ఆయన రివాల్వర్ ఇంట్లోనే ఉంది. నేను ఉంచుకోవచ్చా?

లైసెన్స్ ఆయనతోనే ముగిసింది. ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. తర్వాత మరణ ధృవీకరణ పత్రం, మిగతా వారసుల అంగీకారంతో మీ పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు చేయొచ్చు. తక్కువ ఖర్చులో మంచి ఉక్కు తుపాకీ దొరికే దారుల్లో ఇదొకటి. కర్మకాండల హడావిడిలో మర్చిపోయి నెలల తర్వాత బీరువా సర్దుతూ కనిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటప్పుడు భయపడి దాచేయకండి, ఒక లాయర్‌ని వెంటబెట్టుకుని వెళ్లి అప్పగించండి.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అక్కడ కొనుక్కుంటానంటున్నాడు.

ఏ వీసా మీద ఉన్నాడో ముందు అడగండి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు ఇచ్చేలాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిని నమ్ముకుని ముందుకుపోయే ముందు లాయర్‌ని అడగాలి. తప్పు జరిగితే చదువూ ఉద్యోగమూ రెండూ పోతాయి. స్నేహితులతో రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీ పేల్చడం సరదాగా అనిపిస్తుంది గానీ అదీ ఇందులోకే వస్తుంది.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. అక్కడ ఈ తరహా తుపాకీ తక్కువ ధరలో కావాలంటే ఫిలిప్పీన్స్ ఆర్మ్స్‌కార్ కంపెనీ చేసే రాక్ ఐలాండ్ 1911లు, టర్కీ టిసాస్ 1911లు పేరున్నవి. ఇండియా వచ్చేటప్పుడు బ్యాగులు పూర్తిగా ఖాళీ చేసి చూసుకోమనండి. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగు మూలలో ఒక్క తూటా మిగిలినా విమానాశ్రయంలో కేసు పెడతారు.

ఎలక్షన్లప్పుడు తుపాకీ డిపాజిట్ చేయమంటారు. అప్పుడు దాని గతి ఏమిటి?

కోడ్ రాగానే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. 2024 మే 13 పోలింగ్‌కు ముందు కూడా అంతే. బ్యాంకు గార్డులకు, క్రీడాకారులకు మామూలుగా మినహాయింపు ఇస్తారు. మిగతావాళ్లు పోలీసులు అడిగితే అప్పగించాల్సిందే.

ఫోన్ వచ్చాక వెళ్లేముందు ఒక గంట కేటాయించండి. పూర్తిగా శుభ్రం చేసి, మామూలు కంటే కాస్త ఎక్కువ నూనె పట్టించి, నూనె గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో సహా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. తోలు సంచి ఇంట్లోనే ఉంచేయండి. డబ్బా మీద పేరు, లైసెన్స్ నంబరు, తుపాకీ నంబరు రాసి అంటించండి. నంబరు స్పష్టంగా కనిపించేలా ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. స్టేషన్‌లో రసీదు రాసేటప్పుడు తుపాకీ నంబరు, తూటాల సంఖ్య ఎక్కించారో లేదో అక్కడే చదివి చూసుకోవాలి. ఫలితాలు వచ్చి, కోడ్ ఎత్తేశాక, వాళ్లే పిలుస్తారని కూర్చోకుండా మీరే వెళ్లి అడగండి. స్టోర్ గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చిన తుపాకుల మధ్య అది ఎన్ని రోజులుంటే అంత తేమ పీలుస్తుంది. తెచ్చుకున్న రోజే తెరిచి, గొట్టం లోపల కాగితం పెట్టి చూసి, తుడిచి, కొత్త నూనె పట్టించి లాకర్‌లో పెట్టండి. లైసెన్స్ రెన్యువల్ తేదీ కూడా అప్పుడే ఒకసారి చూసుకోండి. డిపాజిట్‌లో ఉన్నా గడువు ఆగదు.